ఎడమవైపు చప్పుడు

జూన్ 9, ఆదివారం

ఈ డైరీ కారు గురించి మాత్రమే. ఇంటి సంగతులు ఇందులో రాయను.

కారు ఎర్రది. రెండు తలుపులు, రెండే సీట్లు, నేలకి బెత్తెడు ఎత్తు. ఒక డాక్టరుగారు కొన్నేళ్ళు నడిపి, నడుం నొప్పి వచ్చి అమ్మేశారు. యాభై మూడేళ్ళ ఫిజిక్స్ లెక్చరరుకి స్పోర్ట్స్ కారెందుకని చైతన్యపురిలో మా కోచింగ్ సెంటరు స్టాఫ్ రూమంతా అడిగింది. పాతికేళ్ళుగా బోర్డు మీద స్ప్రింగు బొమ్మ గీస్తున్నాను, ఒకసారి దాని మీద కూర్చుందామనిపించింది అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి చెప్పలేదు.

ఈ రోజు మావారిని మొదటిసారి ఎక్కించుకున్నాను. ఆయన మోటారు బీమా కంపెనీలో క్లెయిములు చూసి రిటైరైన మనిషి. ఏ బండిని చూసినా అది నుజ్జయ్యాక ఎలా ఉంటుందో ఆయనకి ముందే కనిపిస్తుంది. అయినా ఎక్కారు, నా మీద గౌరవం కొద్దీ. దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధి మామూలు వీధి కాదు. ప్రతి గేటు ముందూ ఆ ఇంటివాళ్ళు సొంతంగా పోయించుకున్న స్పీడ్ బ్రేకరు ఉంటుంది. ఇల్లు కట్టగా సిమెంటు ఎంత మిగిలితే అంత ఎత్తు. రామస్వామిగారు మూడంతస్తులు కట్టారు కాబట్టి వాళ్ళ గేటు ముందుది అన్నిటికన్నా ఎత్తు. దాని మీద కారు లేచి పడింది, కింద ఎడమవైపు పెద్దగా టక్కుమంది, ఆయన తల పైకప్పుకి కొట్టుకుంది.

మెల్లగా దిగారు. "విజయా, నేను ఇక దీన్లో ఎక్కను" అన్నారు. అరవలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని, సాయంత్రానికి అయిపోయేది.

సరే. ఎక్కకపోతే కొంప మునగదు. ఆ సీట్లో బ్యాగు పెట్టుకోవచ్చు.

జూన్ 10

ఎడమ సీట్లో బ్యాగు పెట్టుకున్నాను. చాలా సౌకర్యంగా ఉంది.

జూన్ 13

ఎల్‌బీనగర్‌లో అంతయ్య షెడ్డుకి తీసుకెళ్ళాను. అంతయ్యది నల్లగొండ పక్క ఊరు. ఒకప్పుడు లారీల కింద స్ప్రింగుల్లా పనిచేసే కమాన్ పట్టీలు కొట్టేవాడట, ఇప్పుడు కార్లు చూస్తున్నాడు. షెడ్డులో గోడ నిండా దేవుళ్ళే. కారు కింద దూరి చూసి, తల మాత్రం బయటపెట్టి మాట్లాడాడు.

"షాకబ్జర్లు ఎండిపోయినయి మేడం. నూనంత కారిపోయింది. గందుకే టక్కుమంటుంది."

"ఏం చెయ్యాలి?"

"నన్నడిగితే కమాన్ పట్టీలు ఏసుకోండ్రి. మీ మనవలు గూడ తిరుగుతరు దాంట్ల."

"స్పోర్ట్స్ కారుకి లారీ పట్టీలా అంతయ్యా?"

"కారుకేం తెలుస్తది మేడం."

నేను వేరే చదివాను. షాకబ్జరు, దాని చుట్టూ స్ప్రింగు, రెండూ కలిపి ఒకే ముక్కగా వస్తాయి, కాయిలోవర్ అంటారు. మర తిప్పి కారు ఎత్తు మార్చుకోవచ్చు, మెత్తదనం మార్చుకోవచ్చు. అసలైంది దొరికితే రామస్వామిగారి గేటు ముందు నుంచి నిండు బిందెతో పోవచ్చు. పక్క సీట్లో ఎవరున్నా వాళ్ళకి తెలియదు కూడా. పక్క సీట్లో ఎవరూ ఉండరనుకోండి. ఊరికే లెక్క కోసం రాశాను.

జూన్ 15

రామస్వామిగారి గేటు దగ్గర ఎంత గట్టిగా టక్కుమందంటే వాళ్ళ వాచ్‌మన్ బయటికొచ్చి "ఏమన్న పడ్డదా అమ్మా?" అని కారు కింద వెతికాడు. ఇంటికొచ్చాక కళ్ళు కాసేపు మండాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో దుమ్మెక్కువ. ఆయన టీ పెట్టి నా ముందు పెట్టారు. మాట్లాడలేదు. నేను తాగాను.

జూన్ 18, మంగళవారం

ఆయన తెల్ల చొక్కా చేతికి మోచేతి దాకా నల్లటి గ్రీజు. ఏంటని అడిగితే స్కూటరు చెయిన్ ఊడింది అన్నారు. చొక్కా నానబెట్టాను, పోయేలా లేదు.

బల్ల మీద దొన్నెలో పులిహోర. కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి దగ్గర ఎవరో పంచుతుంటే తీసుకున్నారట, పారెయ్యడమెందుకని. అటు ఎందుకు వెళ్ళారో చెప్పలేదు. ఆయన గుళ్ళకి వెళ్ళరు. మొక్కంటే దేవుడితో పాలసీ, అందులో ప్రీమియం కట్టడమే గానీ క్లెయిము ఇచ్చినవాణ్ణి చూడలేదు అంటారు. పులిహోర మాత్రం బాగుంది.

జూన్ 22

మలక్‌పేటలో శ్రీకర్ అనే కుర్రాడి దుకాణం. అన్నీ బయటి దేశం సామాన్లే. మనిషి మంచివాడు, మాట మాత్రం సగం తెలుగు.

"మేడం, మీకు ట్రాక్‌కా, స్ట్రీట్‌కా?"

"దిల్‌సుఖ్‌నగర్‌కి."

కాసేపు కంప్యూటరులో వెతికి, "ఆ కేటగిరీ లేదు మేడం" అన్నాడు.

స్ప్రింగు ఎంత గట్టిదైతే అంత మన్నిక అని ఒక పసుపురంగు సెట్టు చూపించాడు. గట్టితనం వేరు, మన్నిక వేరు అని ఏటా పిల్లలకి చెప్పేదాన్ని నేనే. కానీ ఆ పసుపురంగు చాలా బాగుంది. తల ఊపాను.

జూన్ 26

పొద్దున కారు అంతయ్య దగ్గర వదిలి మెట్రోలో క్లాసుకి పోయాను. సాయంత్రానికి బిగించి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి సిద్ధంగా ఉంచాడు. నిమ్మకాయలు తొక్కిస్తూ బయటికొచ్చాను. ఒక్కో నిమ్మకాయ నా వెన్నుపూసకి విడివిడిగా తెలిసింది.

జూన్ 27

సాంబారు పరీక్ష. ఆయన రిటైరైనప్పటి నుంచి నా క్యారియరు ఆయనే కడతారు. మాటలు అంతంతమాత్రమైనా క్యారియరు ఆగలేదు. దాన్ని ఎడమ సీట్లో పెట్టి బెల్టు కట్టాను. చైతన్యపురి చేరేసరికి అడుగు గిన్నెలో సాంబారు సగం బ్యాగులోకి పోయింది. జవాబు పత్రాలన్నీ ఇంగువ వాసన. ఒక పిల్లాడు తన పేపరు వాసన చూసుకుని, "మేడం, ఆకలేస్తుంది" అన్నాడు.

పాత టక్కు పోయింది. దాని బదులు ఒక చిన్న టిక్కు మొదలైంది. ఎడమ ముందు చక్రం దగ్గర. ప్రతి గుంతకీ, ప్రతి బ్రేకరుకీ.

జూన్ 29

శ్రీకర్‌కి ఫోన్ చేశాను. "పైన మౌంటులో రబ్బరుండదు మేడం, ఇనుముకి ఇనుము తగులుతుంది. స్పోర్టీ సౌండ్ అది" అన్నాడు. రబ్బరున్నది ఇవ్వమన్నాను. ఒప్పుకున్నాడు.

జూలై 4

రెండో సెట్టు. స్టెయిన్‌లెస్ స్టీలు, లోపల గ్యాసు, మెరిసిపోతుంది. ఎల్లుండి నుంచి ఆషాఢమని అంతయ్య గొడవ చేసి ఈ రోజే బిగించాడు. ఆషాఢంలో కొత్త స్ప్రింగు బిగిస్తే ఏమవుతుందని అడిగాను. "గా ప్రయోగం నా షెడ్డుల వద్దు మేడం" అన్నాడు.

నేను క్లాసు నుంచి వచ్చేసరికి కారు కడిగి, బొట్టు పెట్టి ఉంది. తీసుకుని బయల్దేరాను. విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషను దాటాను, ఏ చప్పుడూ లేదు. పాట పాడుకుందామనుకున్నాను.

టిక్.

జూలై 10

అంతయ్యని పక్కన కూర్చోబెట్టుకుని వనస్థలిపురం దాకా వెళ్ళి వచ్చాను. ఒక్క టిక్కు లేదు. గుంతలు వెతికి వెతికి దింపాను. లేదు. అంతయ్య సీటు పట్టుకుని కూర్చుని, "నాకైతే ఏం సప్పుడు ఇనొస్తలేదు మేడం" అని నా ముఖం వంక జాలిగా చూశాడు. అతన్ని షెడ్డు దగ్గర దింపి, మలుపు తిరిగాను.

టిక్.

జూలై 15

మలక్‌పేటలో చెవుల డాక్టరు. చెవులకి డబ్బాలు పెట్టి రకరకాల కూతలు వినిపించాడు. మీ చెవులు నా చెవులకన్నా బాగున్నాయమ్మా అన్నాడు.

"ఆ చప్పుడు ఎప్పుడు వస్తుంది?"

"కార్లో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు."

"పక్కన ఇంకొకరుంటే?"

"రాదు."

డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు. "ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

"మావారుంటారు."

"మాట్లాడుకుంటారా?"

నేను కారు గురించి వచ్చానండీ అన్నాను. విటమిన్ మాత్రలు రాసిచ్చాడు.

జూలై 16

మాత్ర వేసుకున్నాను. టిక్.

జూలై 20

సాంబారు ఇప్పుడు సగమే పోస్తున్నారు. నేను ఒలికిపోతుందని చెప్పలేదు, ఆయన అడగలేదు. బ్యాగు వాసన చూసి ఉంటారు.

ఆయన ఈ మధ్య నేను బయల్దేరేటప్పుడు గేటు దగ్గర నిలబడుతున్నారు. రామస్వామిగారి బ్రేకరు దాటేదాకా నిలబడి లోపలికి పోతారు. అద్దంలో కనిపిస్తుంది. చెయ్యి ఊపరు.

జూలై 27

రెండు వానలకే రెండో సెట్టు పని అయిపోయింది. కడ్డీ మీద రబ్బరు తొడుగు లేదు, నీళ్ళతో పాటు ఇసుక పోయి సీలు తినేసింది, నూనె కారుతోంది. స్టెయిన్‌లెస్ స్టీలుకి మెరవడం తెలుసు గానీ మన నాలాల నీళ్ళు తెలియవు. శ్రీకర్ తిరిగి తీసుకోవడానికి ఒప్పుకున్నాడు, ఇదే ఆఖరుసారి అన్నాడు. గొంతులో ఏడుపు వినిపించింది.

ఈసారి రంగు చూడలేదు, మెరుపు చూడలేదు. రాత్రి భోజనాలయ్యాక రోజూ చదివాను. మన రోడ్లకి స్ప్రింగు మెత్తగా ఉండాలి. లోపలిది రెండు గొట్టాల షాకబ్జరైతే చిన్న గుంతల్ని నొప్పి తెలియకుండా మింగుతుంది. పైన రబ్బరు మౌంటు, కడ్డీకి తొడుగు, మరలకి తుప్పు పట్టని పూత. స్ప్రింగుని నొక్కకుండానే కింది నుంచి ఎత్తు మార్చుకునే ఏర్పాటు. అన్నిటికన్నా ముఖ్యం, సీలు పోతే సీలు ఒక్కటే దొరకాలి, మొత్తం పారెయ్యకూడదు. ఏమీ ప్రగల్భాలు పలకని ఒక బూడిదరంగు సెట్టు దొరికింది. తెప్పించమన్నాను.

శ్రావణం వస్తే గానీ బిగించనన్నాడు అంతయ్య. ఈసారి వాదించలేదు.

జూలై 29

ఆయన ఈ రోజు తనంతట తాను మాట్లాడారు. "రామస్వామిగారి మేనల్లుడు నీ కారు అడుగుతున్నాడట" అన్నారు.

"మీరేమన్నారు?"

"నీ కారు, నిన్నే అడగమన్నాను."

ఆలోచించాను. మూడో సెట్టు కూడా టిక్కుమంటే అమ్మేస్తాను. ఎడమ సీటు ఖాళీగా పెట్టుకుని, లేని చప్పుళ్ళు వింటూ, విటమిన్ మాత్రలు మింగుతూ తిరగడానికి కారెందుకు. ఆ మాట ఆయనతోనూ చెప్పాను. ఆయన విని, వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు పంపు తిప్పి ఉంచారు.

ఆగస్టు 6

బూడిదరంగు సెట్టు బిగించాడు. సాయంత్రం తీసుకున్నాను.

ఇలాంటిది ఉంటుందని తెలిస్తే మొదటే ఇది కొనేదాన్ని. రామస్వామిగారి బ్రేకరు ఉందో లేదో చూడ్డానికి వెనక్కి తిరగాల్సి వచ్చింది. చెయ్యి స్టీరింగు మీద తేలికగా ఉంది, నడుం ఉన్నట్టే తెలియలేదు. కారు మొత్తం నా మాట వింది.

ఎడమ ముందు చక్రం తప్ప. టిక్.

ఆగస్టు 7

సాంబారు ఒక్క చుక్క ఒలకలేదు. మూత తీసి చూపిద్దామంటే చూడ్డానికి పక్కన ఎవరూ లేరు.

చైతన్యపురి మెట్రో స్తంభం పక్కన కారు ఆపుకుని ఏడ్చాను. ఈసారి దుమ్ము కాదు. రాసేస్తున్నాను, ఎవరు చూడొచ్చారు. ఆయన నా పక్కన కూర్చోవాలి. పెళ్ళైన కొత్తలో ఆయన స్కూటరు వెనక కూర్చుని నేను ఊరంతా తిరిగాను, ఒక్కరోజు భయపడలేదు. ఇప్పుడు నేను నడుపుతుంటే ఆయన పక్కన కూర్చోవాలి. ఈ స్ప్రింగులూ సీళ్ళూ గొట్టాలూ అన్నీ అందుకే. చప్పుడు చేసే కారులోకి మళ్ళీ ఎక్కమని ఆయన్ని అడగలేను. రేపు అంతయ్యకి చెప్పి, పాత షాకబ్జర్లే బిగించి అమ్మేస్తాను.

ఆగస్టు 8

క్లాసుల్లేవు. మొదటిసారి అంతయ్య షెడ్డులోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇంతకు ముందు సెట్టు బిగించిన ప్రతిసారీ కారు వదిలి మెట్రో ఎక్కేదాన్ని. అలా ఎక్కకపోతే ఈ డైరీ జూన్‌లోనే అయిపోయేది.

పాత షాకబ్జర్లు బిగించమంటే ఎడమ ముందు చక్రం విప్పాడు. తర్వాత స్పానరు కింద పెట్టి, పంపు దగ్గరికి పోయి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చాడు. చెప్పులు విడిచాడు. స్ప్రింగు చుట్ల మధ్యలోంచి దారం విప్పి పసుపు గుడ్డ మూట ఒకటి తీసి, కళ్ళకద్దుకుని, గోడకున్న హనుమంతుడి పటం ముందు పెట్టాడు. అప్పుడు మళ్ళీ స్పానరు పట్టుకున్నాడు.

"అదేంటి అంతయ్యా?"

"ముడుపు మేడం."

"ఎవరిది?"

అతను నన్ను అనుమానంగా చూశాడు. "మీదే కద మేడం."

నేను కుర్చీలోంచి లేచాను. అతనే చెప్పుకొచ్చాడు. "పాత స్ప్రింగుకు ఉండె. మొదటి సెట్టు బిగించిన్నాడు చూసిన. ముడుపును పారేస్తమా మేడం? దేవుని కాడ పెట్టి, కొత్త స్ప్రింగుకు మల్ల అదే జాగల కట్టిన. ప్రతిసారి గట్లనే కట్టిన. మూట ముడి ముట్టలే, దారమే మార్చిన."

"నాకెందుకు చెప్పలేదు?"

"ముడుపు గురించి అడుగుతరా ఎవరన్న? అడిగితే మొక్కు ఫలించదంటరు. గందుకే నోరు మూసుకున్న."

"ఆ చప్పుడు కోసం మూడు సెట్లు మార్చాను అంతయ్యా."

"నేను గూడ మూడుసార్లు కట్టిన మేడం" అన్నాడు కొంచెం నొచ్చుకుని.

"చప్పుడు అదే చేస్తుందని మీకెప్పుడూ అనిపించలేదా?"

"దేవుని వస్తువు సప్పుడు చేస్తదా మేడం."

మూట చేతిలోకి తీసుకున్నాను. లోపల రూపాయి బిళ్ళ, వక్క తగిలాయి. వక్క ఒకవైపు నలిగింది. గుడ్డ పసుపులో ముంచిన చేతిరుమాలు. అంచున నీలం గీత. ఆ గీత ఉన్న చేతిరుమాళ్ళు కొత్తపేటలో ఒకటే కొట్లో దొరుకుతాయి, ప్రతి ఏడూ నేనే కొంటాను, ఒక్క మనిషి కోసమే కొంటాను.

"పాతవి వద్దు. అది కట్టెయ్యండి అంతయ్యా, ఉన్న చోటే" అన్నాను. కారు అమ్మే సంగతి ఎత్తలేదు. దారంతా టిక్కు టిక్కుమంటూనే ఇంటికొచ్చాను.

ఆగస్టు 8, రెండోసారి

ఆయన వంటింట్లో కింద కూర్చుని గోరుచిక్కుడుకాయలు తుంచుతున్నారు. ఎదురుగా కూర్చున్నాను.

"ఏమండీ, మన స్కూటరుకి చెయిన్ ఉందా?"

చాలా కాయలు తుంచారు. "లేదు" అన్నారు చివరికి.

"ఏమని మొక్కుకున్నారు? కారు అమ్ముడుపోవాలనా?"

"అదేం మొక్కు విజయా. నువ్వు ఆ రోజు ఏడ్చావు."

"దుమ్ము."

"సరే, దుమ్మే. ఆ చప్పుడు పోవాలని మొక్కుకున్నాను. పోయిన రోజున నా చేత్తో ముడుపు విప్పి, స్వామికి కొబ్బరికాయ కొడతానన్నాను. చక్రం పూర్తిగా పక్కకి తిప్పితే చెయ్యి పడుతుంది. చొక్కా పాడైంది."

నాకు నవ్వొచ్చింది. గోడకి ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వాను. ఆయనకి అర్థం కాలేదు. విషయం చెప్పాను. ఆయన చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"చప్పుడు చేస్తున్నది ముడుపేనా?"

"ముడుపే. విప్పేయండి, గొడవ వదిలిపోతుంది."

"చప్పుడు పోకుండా ఎలా విప్పుతాను? షరతు అది."

"విప్పకుండా చప్పుడెలా పోతుంది?"

"నిజమే" అని ఆలోచనలో పడ్డారు. ముప్పై ఏళ్ళు ఇలాంటి ఫైళ్ళే చూసిన మనిషి. నేను ఇంకో దారి చూపించాను. ఆయన మొక్కింది పాత టక్కుకి, అది మొదటి సెట్టుతోనే పోయింది, ఇది వేరే టిక్కు, కాబట్టి మొక్కు ఎప్పుడో తీరిందన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "నేను ఏ చప్పుడని విడిగా చెప్పలేదు. ఎడమవైపు చప్పుడు అన్నాను. ఇదీ ఎడమవైపేగా. పాలసీలో మాటలు జాగ్రత్తగా వాడాలని పదిమందికి చెప్పి, నేనే పప్పులో కాలేశాను."

"మీరు మొక్కుల్ని నమ్మరు కదండీ."

"నమ్మను. నీ శ్రీకర్ అమ్మే స్ప్రింగుల్నీ నమ్మలేదు. రెండింటిలో ఏదో ఒకటి పనిచేస్తుందిలే అనుకున్నాను."

అంతయ్యకి ఫోన్ చేశాం. స్పీకరు పెట్టి ఇద్దరం విన్నాం. "సారు కట్టిండు, సారే విప్పాలె. ఆ గుడి కాడనే విప్పాలె. సప్పుడు పోయిందా లేదా సారే ఇని చూడాలె. నేను ఇంటే చెల్లదు" అని తీర్పు చెప్పాడు.

ఆయన లేచి చేతులు కడుక్కున్నారు. "స్పాట్ ఇన్‌స్పెక్షన్ చెయ్యకుండా ఏ క్లెయిమూ తేల్చకూడదు" అన్నారు. "మంగళవారం వెళ్దాం."

"మీరు స్కూటరు మీద వెనక వస్తారా?"

"వెనక నుంచి వినిపిస్తుందా ఏంటి" అన్నారు నా వంక చూడకుండా.

ఆగస్టు 13, మంగళవారం

ఎక్కారు.

బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకున్నారు. బెల్టు రెండుసార్లు లాగి చూసుకున్నారు. రామస్వామిగారి బ్రేకరు రాగానే ఒక చెయ్యి తల మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. దాటాక ఒక కన్ను తెరిచి, "ఇంకా రాలేదా?" అన్నారు.

"దాటేశాం."

వెనక్కి తిరిగి చూశారు. వాచ్‌మన్ చెయ్యి ఊపాడు.

టిక్కు లేదు. చైతన్యపురి దాకా లేదు. ఎల్‌బీనగర్ కూడలి దాటాక తవ్వి వదిలేసిన రోడ్డు మీద కావాలని దింపాను. లేదు. ఆయన చెవి కిటికీ వైపు పెట్టి, క్లెయిము చూసే ముఖం పెట్టి కూర్చున్నారు. నిజంగా వస్తుందండీ, ఒట్టు అన్నాను. "వస్తుందనే అంటున్నాగా" అన్నారు నెమ్మదిగా, ఆ చెవుల డాక్టరు మాట్లాడినట్టే.

సిగ్నలు దగ్గర ఆగాం. ఆయన సర్దుకుని కూర్చున్నారు. కారు ఎడమవైపు ఒక్క పిసరు కిందికి దిగింది. అప్పుడు తట్టింది నాకు. ఏటా మొదటి నెలలో చెప్పే పాఠం. బరువు పడితే స్ప్రింగు నొక్కుకుంటుంది, చుట్లు దగ్గరవుతాయి. ఎడమ సీట్లో మనిషి కూర్చుంటే చుట్ల మధ్య ఆ మూట బిగుసుకుపోతుంది, కదలదు, చప్పుడు చెయ్యదు. అంతయ్య కూర్చున్నా అంతే. నేనొక్కదాన్నే ఉంటే చుట్లు విడిపోయి, మూట వదులై, టిక్కుమంటుంది. స్టీరింగు వదిలి రెండు చేతులతో స్ప్రింగు చేసి చూపించాను. ఆయన మొదటి బెంచీ పిల్లాడిలా విన్నారు. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు.

"అంటే నేను కూర్చుంటే రాదు."

"రాదు."

"లేకపోతే వస్తుంది."

"వస్తుంది."

ఆయన సీట్లో వెనక్కి ఆనుకున్నారు. కర్మన్‌ఘాట్ దాకా కళ్ళు తెరుచుకునే ఉన్నారు.

గుడి బయట కారు ఆపి చక్రం పక్కకి తిప్పాను. ఆయన చొక్కా చేతులు మడిచి, దిగి, చక్రం పక్కన గొంతుక్కూర్చున్నారు. "చప్పుడు లేదు, నా చెవులతో విన్నాను. షరతు తీరింది. విప్పేస్తున్నాను" అన్నారు.

"వద్దు, ఉండనివ్వండి."

ఆయన తలెత్తి చూశారు. "నువ్వొక్కదానివే వెళ్ళినప్పుడు మళ్ళీ అంటుందిగా."

"అననివ్వండి."

ఆయన చెయ్యి అప్పటికే స్ప్రింగు దగ్గరుంది. చెయ్యి బయటికి తీసి, ఈసారి గ్రీజు చొక్కాకి కాకుండా చేతిరుమాలుకి తుడుచుకున్నారు, అదే నీలం గీత రుమాలు. మొక్కు పూర్తిగా తీరినట్టా కానట్టా అని గుడి మెట్ల దాకా లెక్కలు వేశారు. చివరికి స్వామి పని స్వామి చేశాడు కాబట్టి కొబ్బరికాయ కొట్టేద్దాం, విప్పడం సంగతి తర్వాత చూద్దాం అన్నారు. కొట్టారు. నీళ్ళు నా చీర మీద పడ్డాయి.

ఆగస్టు 14

రామస్వామిగారి మేనల్లుడికి కారు అమ్మడం లేదని కబురు పంపాను.

ఈ రోజు నా పక్కన కూర్చుని క్లాసు దాకా వచ్చి, నన్ను దింపి, ఆయన మెట్రోలో ఇంటికి పోయారు. దింపింది నేనా ఆయనా అని స్టాఫ్ రూములో పెద్ద చర్చ.

ఆగస్టు 20, మంగళవారం

ఆయనకి పంటి డాక్టరు దగ్గర పని. ఒక్కదాన్నే వెళ్ళాను. ఎడమ సీట్లో బెల్టు కట్టిన క్యారియరు, అంచు దాకా సాంబారు. రామస్వామిగారి గేటు దగ్గర టిక్, చైతన్యపురి మలుపులో టిక్, వస్తూ వస్తూ ఎన్నోసార్లు టిక్.

సాయంత్రం వచ్చేసరికి ఆయన బుగ్గ వాచిపోయి గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"అందా?" అని అడిగారు.

"అంది."

"రేపు అనదులే" అని క్యారియరు అందుకున్నారు.